మరమనిషికి మడతక్క చెప్పిన పాఠం

పెద్దాసుపత్రి నేలమాళిగలో ఒక హాలు ఉంది. ఆవిరి తప్ప మరే అతిథీ ఇష్టపడి అందులో అడుగుపెట్టదు. పై అంతస్తుల్లో మనుషులు పడుకున్న ప్రతి దుప్పటీ, వాళ్ళు లేచాకనో లేపాకనో, ఒక పెద్ద గొట్టంలోంచి జారి అక్కడికి చేరుతుంది. ఉతికే యంత్రాలు ఉతుకుతాయి, ఆరబెట్టే యంత్రాలు ఆరబెడతాయి. అక్కడితో యంత్రాల రాజ్యం ముగిసి మనుషుల రాజ్యం మొదలయ్యేది. ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ ఐదుగురు ఆడవాళ్ళు. ఆ రాజ్యానికి కిరీటం లేని మహారాణి మడతక్క.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకు వేరే ఉంది. అది జీతాల రోజున మాత్రం వినబడుతుంది కనుక దాన్ని కదిలించనక్కర్లేదు. చేతికి దొరికిన ప్రతిదాన్నీ మడతపెట్టడం ఆవిడ నైజం. బస్సు టిక్కెట్టు, పాత సంచీ, ఎదుటివాళ్ళ మాట, ఏదీ విప్పి ఉంచదు.

ఆ బల్లకు ఒక చట్టం ఉండేది. ఎవరు చేశారో తెలీదు గానీ, మీరిన దాఖలా లేదు. దుప్పటి దులిపినప్పుడు చిరుగు కంటపడితే అప్పటికప్పుడు మూలకి ఒక ముడి వెయ్యాలి. ముడి ఉన్నది కుట్టుగదికి పోతుంది, లేనిది మడతకి వస్తుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ పని చేతులకే వదిలేశారు. చిరుగు కనబడగానే చెయ్యి మూల వెతుక్కుని ముడి వేసేస్తుంది. మెదడుకి కబురు తీరిగ్గా అందుతుంది, ఒక్కోసారి అందదు కూడా.

అలాంటి రాజ్యంలోకి ఒకరోజు సూపర్‌వైజరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడంటే పైనుంచి ఏదో శ్రీముఖం వచ్చిందని అర్థం.

"మన విభాగానికి రోబో వస్తోంది," అన్నాడు, పెళ్ళికొడుకు వస్తున్నాడని చెప్పినంత గంభీరంగా. "కృత్రిమ మేధతో పనిచేస్తుంది. దుప్పటి చూస్తుంది, చిరిగిందో లేదో తేలుస్తుంది, మడతపెడుతుంది. మిమ్మల్నెవర్నీ తీసెయ్యరు. వార్డుల్లోకి మారుస్తారు."

"వార్డుల్లో ఏం చెయ్యాలండీ?" అంది బల్ల చివర నుంచున్నావిడ.

"నేల ఉంది కదా. అది రోజూ మాస్తుంది."

బల్ల మీద దుప్పట్లు కదలడం ఆగిపోయింది. మడతక్క చేతిలోది మాత్రం సగం మడతలో ఉంది కనుక పూర్తిచేసి, అప్పుడు నోరు విప్పింది.

"ఆ వచ్చేదానికి ఏం వచ్చండీ?"

"ప్రస్తుతానికి ఏమీ రాదు. ఇక్కడికొచ్చాక నేర్పాలట. మీలో ఒకరు దాని పక్కన కూర్చుని నేర్పాలట. కాస్త కంప్యూటరు పరిచయం ఉన్నవాళ్ళైతే మంచిదని..."

"దానికి దుప్పటి పరిచయం ఉందా?"

"లేదు."

"మరింకేం, నేను చెప్తా. కూర్చునేది నేను."

మిగతా నలుగురూ ముక్కు మీద వేలేసుకున్నారు. సూపర్‌వైజరుకి ఈవిడ సుతరామూ ఇష్టం లేదు. కానీ శత్రువుకి పాఠాలు చెప్పడానికి మరెవరూ చెయ్యెత్తలేదు. ఆ విధంగా, పోటీ లేకుండా, మడతక్కకి పంతులమ్మగా పట్టాభిషేకం జరిగిపోయింది.

ఇంట్లో ఈ శుభవార్తను భర్త ముఖం చిట్లించి విన్నాడు. ఆయన ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపినవాడు. ఆ లిఫ్టులో ఒక స్టూలు, దాని మీద ఆయన. ఒకనాడు స్టూలు తీసేసి, ఎక్కినవాళ్ళే మీట నొక్కుకునే లిఫ్టు పెట్టారు. ఆయనకి వీడ్కోలుగా గోడ గడియారం ఇచ్చారు. ఆనాటి నుంచీ ఎన్ని అంతస్తులున్నా ఆయన మెట్లే ఎక్కుతాడు. మోకాళ్ళు ఏమైనా సరే, పంతం పంతమే.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటానంటావు," అన్నాడు. "పైగా దానికి తవ్వడం కూడా నువ్వే నేర్పుతావా?"

"మీ లిఫ్టు మార్చేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఒక్కమాట అడిగారా?"

"అడిగితే ఎన్ని చెప్పేవాణ్ణి! నాలుగో అంతస్తు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాలి, అక్కడ కర్రతో వచ్చే ముసలాయన ఉంటాడు. ఇప్పుడాయన్ని రోజూ తలుపులు కరుస్తున్నాయి."

"చూశారా, మిమ్మల్నడగలేదు, నన్నడిగారు. అడిగిన చోట కూడా నోరుమూసుకోమంటారేంటండీ?"

మాటలో ఓడినప్పుడు చేసే పనే ఆయన చేశాడు. మెట్లు దిగి వీధిలోకి పోయాడు.

తరగతి పెట్టింది విరిగిన చక్రాల కుర్చీలు దాచే గదిలో. కృత్రిమ మేధ, రోబోలు, ప్రారంభకులకు పరిచయం అని తలుపు మీద అంటించారు. పాఠం చెప్పడానికి యంత్రంతో పాటు ఒక ఇంజినీరమ్మ వచ్చింది. వయసు ముప్పై దాటినట్టుంది. ఆవిరి పడక తుమ్ముతూ ఉంటుంది.

"రోబో అంటే మీకేం గుర్తొస్తుంది?" అని అడిగింది.

"కళ్ళు ఎర్రగా ఉంటాయి, లోకాన్ని ఏలుకుంటానంటుంది," అంది ఒకావిడ, సినిమా అనుభవంతో.

"కళ్ళుంటాయి, ఎర్రగా ఉండవు. లోకం సంగతి అటుంచండి, దీనికి దిండు ఎత్తడమే ఇంకా రాదు." ఇంజినీరమ్మ తుమ్మి మళ్ళీ అందుకుంది. "మీ ఉతికే యంత్రం ఉంది కదా, దాన్ని రోబో అనం. లోపల దుప్పటి ఉన్నా లేకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఏముందో చూసి, ఏం చెయ్యాలో తేల్చుకుని, చేస్తే, అది రోబో. చూడటానికి కెమెరా, చెయ్యడానికి ఇనప చెయ్యి. మధ్యలో తేల్చుకునే పని ఉంది చూశారూ, కృత్రిమ మేధ అనేది అక్కడ ఉంటుంది."

"అక్కడ ఏముంటుందండీ, మెదడా?" అంది మడతక్క.

"లెక్కలు. బోలెడన్ని లెక్కలు. సరే, ఒక పని చెయ్యండి. చిరుగు అంటే ఏంటో నాకు ఒక్క ముక్కలో చెప్పండి. అదే దానికి చెప్పేద్దాం."

"అదెంతపనీ! బట్టకి బొక్క పడితే చిరుగు."

"గుండీ పెట్టే బొక్క?"

"అది వేరు. దారాలు వేలాడాలి."

"అంచుల్లో వేలాడితే?"

"అది అంచు కదా!"

"అదే, ఏది అంచో ఏది చిరుగో దానికెలా తెలుస్తుంది?"

ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పొద్దస్తమానం చిరుగులతో కాపురం చేసినవాళ్ళు, చిరుగంటే ఏమిటో చెప్పలేకపోయారు. ఇంజినీరమ్మ తానూ చెప్పలేనని ఒప్పుకుంది.

"మీకు చూస్తే తెలుస్తుంది, చెప్పమంటే రాదు. ముఖాలు గుర్తుపట్టడం కూడా అంతే కదా. అందుకే సూత్రం రాసివ్వడం మానేసి ఉదాహరణలు చూపిస్తాం. ఇది మంచిది, ఇది చిరిగింది, ఇది మంచిది... వేలకొద్దీ ఫోటోలు. రెండు గుంపుల్నీ విడదీసే పోలిక ఏదో అదే పట్టుకుంటుంది. చిక్కల్లా ఒకటే, ఏ పోలిక పట్టుకుందో నోరు విప్పి చెప్పదు."

"మరి ఇంత చదివాక దుప్పటంటే ఏంటో దానికి తెలుస్తుందా?"

"తెలీదు. దానికెప్పుడూ చలెయ్యదు కదా."

ఈ జవాబుతో మడతక్కకి శిష్యుడి మీద జాలి పుట్టింది. జాలి పుట్టినవాళ్ళకు ముద్దుపేరు పెట్టడం ఆవిడ అలవాటు. మర్నాడు పెట్టె విప్పి, ఇనప చేతిని బల్లకు బిగించగానే దాన్ని ఎగాదిగా చూసి "బడుద్ధాయి" అని నామకరణం చేసింది.

చదువు మొదలైంది. ఆవిడ కుర్చీ ముందు ఒక తెర, తెర మీద రెండు గళ్ళు. ఒకదాంట్లో "మంచిది", రెండోదాంట్లో "చిరుగు". దుప్పటి దులిపి కెమెరా కింద పరచడం, ఫోటో పడగానే గడి మీద వేలు పెట్టడం. మడతక్క గళ్ళ మీద వేలితో పాటు వ్యాఖ్యానం కూడా జోడించేది. "ఇది చూడరా బడుద్ధాయ్, పురుగు కొరికింది. ఇది కత్తెర తగిలింది. ఇది పాతది, పల్చబడింది గానీ చిరగలేదు, తొందరపడకు." బడుద్ధాయికి చెవులు పెట్టలేదని ఇంజినీరమ్మ గుర్తుచేసింది. "మా వాళ్ళలో చెవులున్నవాళ్ళు మాత్రం వింటున్నారా?" అంది మడతక్క.

కొన్నాళ్ళకి అది సొంతంగా ఊహించడం మొదలుపెట్టింది. పైగా ఎంత నమ్మకంతో చెబుతోందో శాతాల్లో తెర మీద వేసేది. తనకి సరిగ్గా తెలీదని లెక్కకట్టి మరీ ఒప్పుకునే ఉద్యోగి ఆ ఆసుపత్రిలో అంతకుముందు లేడు. పరీక్ష కోసం పక్కన దాచిపెట్టిన ఫోటోలు చూపిస్తే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. మడతక్క ఆరోజు హాల్లో నడిచిన నడక చూసి ఉతికే యంత్రాలు కూడా కాస్త వేగం తగ్గించాయని చెప్పుకున్నారు.

సూపరింటెండెంటు గారు, అంటే ఆసుపత్రి మొత్తానికి పెద్దాయన, స్వయంగా నేలమాళిగకి దిగి రిబ్బను కత్తిరించాడు. నలుగురు ఆడవాళ్ళూ వార్డుల్లోకి పోయి తడిగుడ్డలు పట్టుకున్నారు. ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పట్లు ఇక మనిషి చెయ్యి తగలకుండా నేరుగా బడుద్ధాయి ముందుకి రాసాగాయి.

వారం తిరక్కుండానే పైనుంచి కేకలు మొదలయ్యాయి. ఒక కాలికి కట్టుతో ఉన్న రోగి మంచం దిగబోయి, బాగున్న కాలు దుప్పటి చిరుగులో పెట్టి, దుప్పటి సమేతంగా వరండాలోకి వేంచేశాడు. దెబ్బలు తగల్లేదు, కాని గొంతు బ్రహ్మాండంగా పనిచేసింది. మరో వార్డులో జల్లెడలాంటి దుప్పటి నీటుగా మడతపెట్టి వచ్చింది. మరోపక్క కుట్టుగదిలో దుప్పట్లు గుట్టలు పడ్డాయి. చిరుగులు కుట్టే పెద్దావిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ ఒక దుప్పటి చంకన పెట్టుకుని దిగివచ్చింది.

"ఏమ్మా, దీనికి చిరుగు ఎక్కడుందో కాస్త చూపించు. ఇటు తిప్పీ చూశా, అటు తిప్పీ చూశా. కళ్ళజోడు తుడుచుకునీ చూశా. నీ శిష్యుడికి కనబడింది నాకు కనబడట్లేదంటే, ఇక నేను ఇంటికి పోవడం నయం."

దుప్పటి నిక్షేపంగా ఉంది.

ఇంజినీరమ్మ ఆ దుప్పటినే కెమెరా కింద పరిచి, తెర మీద ఏదో మార్చింది. "ఇది దేన్ని చూసి నిర్ణయానికొస్తోందో ఆ చోటు ఎర్రగా కనబడుతుంది. చూద్దాం, ఎక్కడ చూస్తోందో."

దుప్పటంతా బూడిదరంగులో ఉంది. ఒక్క మూల మాత్రం కుంకుడుకాయంత ఎరుపు. ఆ ఎరుపు కింద ఉన్నది ఒక ముడి. పరుపు మీంచి జారిపోకుండా నర్సులు మూలల్ని మంచానికి ముడేస్తారు, కొన్ని ఉతికినా ఊడవు, ఇదివరకైతే దులిపేటప్పుడు బల్ల దగ్గర విప్పేసేవాళ్ళు.

మడతక్క వంగి ఆ మూలని చేతిలోకి తీసుకుంది.

"వీడు వెతుకుతున్నది నా ముడి," అంది మడతక్క నెమ్మదిగా. "చిరిగిన ప్రతిదానికీ ముడేసే ఫోటో తీశాను. వేశానని కూడా నాకు తెలీదు. వీడు చిరుగు నేర్చుకోలేదు, ముడి నేర్చుకున్నాడు."

"పరీక్ష ఫోటోల్లోనూ ముళ్ళే ఉన్నాయి," అంది ఇంజినీరమ్మ తల పట్టుకుని. "నేనూ చూళ్ళేదు. చిరుగులే చూశాను. వాడు సులువైన దారి పట్టుకున్నాడు."

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు మడతక్కని మెట్ల దగ్గరికి పిలిచాడు. ముఖంలో మునుపెన్నడూ లేని ఆప్యాయత.

"చూడమ్మా, రేపు పెద్దాయన దగ్గర విచారణ. యంత్రమే పనికిరానిదని చెప్పేయ్. వెనక్కి పంపేస్తారు. నువ్వు మళ్ళీ హాయిగా మడతలు పెట్టుకోవచ్చు, మీవాళ్ళు నలుగురూ కిందకొచ్చేస్తారు. ముళ్ళూ గిళ్ళూ అని మొదలెట్టావనుకో, ఆ కుర్చీలోంచి నిన్ను లేపి రేపే చీపురు చేతికిస్తారు. ఇంతకన్నా మంచిమాట చెప్పేవాళ్ళు నీకు దొరకరు."

నలుగురూ తడిచేతులతో వచ్చి చుట్టుముట్టారు. "అక్కా, నీకు దణ్ణం పెడతాం, దాని నెత్తిన వేసెయ్. అదేమన్నా ఏడుస్తుందా, పెడుతుందా?" అంది వాళ్ళలో చిన్నావిడ. "నడుం పట్టేసిందే నాకు ఆ నేల తుడవలేక."

మడతక్క చిన్నావిడ నడుం మీద ఒక్కసారి చెయ్యి వేసి తన కుర్చీలోకి పోయింది.

విచారణ పెద్దాయన గదిలో. అక్కడి సోఫాలు ఎంత మెత్తగా ఉంటాయంటే, కూర్చున్నవాళ్ళు సగం లోతుకి దిగిపోయి అప్పుడే తప్పు ఒప్పుకున్నట్టు కనబడతారు. మడతక్క కూర్చోలేదు.

"యంత్రంలో లోపముందని మా అభిప్రాయం సార్," అన్నాడు సూపర్‌వైజరు. "ఈవిడ కూడా అదే..."

"నేనలా అన్లేదు," అంది మడతక్క. "తప్పు నేర్పింది నేను. చెప్పినదాన్ని అది బుద్ధిగా నేర్చుకుంది."

సూపర్‌వైజరు కళ్ళతో సైగ చేశాడు, తరవాత దగ్గాడు. మడతక్క అటు తిరగలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "తప్పు మీదే అయితే, మిమ్మల్ని అక్కడ ఉంచడానికి కారణం?"

"నన్ను లేపడానికి కారణం ఏంటండీ?"

"ఇప్పుడేగా ఒప్పుకున్నారు!"

"ఒప్పుకున్నాను. యంత్రం తప్పు చేస్తే మళ్ళీ నేర్పిస్తారట, ఇంజినీరమ్మగారే చెప్పారు. ఫోటోలు మార్చి మొదట్నుంచీ నేర్పిస్తారట, ఎన్నిసార్లయినా సరేనట. అదే తప్పు మనిషి చేస్తే చీపురా? దానికున్నపాటి మర్యాద నాకు లేదా ఇక్కడ?"

"అలా అని కాదు..."

"ఇంకోటి కూడా వినండి. దీన్ని వెనక్కి పంపితే రేపు ఇంకోటి వస్తుంది. అది ఎక్కడో, ఎవరి చేతో, ఎవరి దుప్పట్ల మీదో చదువు పూర్తిచేసుకుని దిగుతుంది. అప్పుడు మమ్మల్ని ఒక్కమాట అడిగే దిక్కుండదు. ఇది నా దగ్గర చదువుకుంది. తప్పు నేర్పగలిగానంటే ఒప్పూ నేర్పగలను. ఆ కుర్చీలోంచి నేను లేవను."

"ఇది విచారణ, బేరం కాదు," అన్నాడు సూపర్‌వైజరు.

"బేరమైతే ఇంకా అడిగేదాన్ని. ఆ, అడుగుతున్నా. చిరుగులొక్కటే కాదు, మరకలున్నాయి, దిండు గలీబులున్నాయి, పిల్లల పక్కబట్టలున్నాయి. నాకొక్కదానికే అలవాటైన ముళ్ళు ఇంకేమున్నాయో నాకు తెలీదు. పక్కన మరో నాలుగు జతల కళ్ళు కావాలి. మావాళ్ళని కిందకి పంపండి."

పెద్దాయన చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. చివరకి ఆసుపత్రి భాషలో తీర్పు చెప్పాడు. పరిశీలనలో ఉంచుదాం. వచ్చే సోమవారం తానే వచ్చి చూస్తాడు, అప్పుడు యంత్రమూ, కుర్చీ, మనుషులూ, అన్నీ తేలిపోతాయి. అప్పటిదాకా నలుగురినీ కిందకి పంపమన్నాడు.

నలుగురూ దిగారు గానీ మడతక్కతో మాట్లాడలేదు. చేతికి వచ్చిన విముక్తిని నేలపాలు చేసిందని కోపం. ఒకరు దుప్పటి పరుస్తారు, ఒకరు తీస్తారు, మాట మాత్రం లేదు. ముడి విప్పి ఫోటో తియ్యాలి, లేదా మంచి దుప్పట్లకి కూడా కొన్నిటికి ముడేసి తియ్యాలి, ముడికీ చిరుగుకీ చుట్టరికం లేదని బడుద్ధాయికి తెలియాలి. వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ చిరుగు కనబడగానే ఐదు జతల చేతులూ పాత చట్టం ప్రకారం మూల వెతుక్కునేవి. మొదటిరోజంతా ముడెయ్యడం, నాలిక్కరుచుకోవడం, విప్పడం. చివరికి చిన్నావిడ తానే ముడేసి తానే విప్పి మళ్ళీ ముడేస్తుంటే మడతక్క పకపకా నవ్వింది.

"నవ్వకక్కా, బడుద్ధాయి నయం, ఒకసారి చెప్తే మానేస్తున్నాడు," అంది చిన్నావిడ. అంతే, మౌనవ్రతాలు భగ్నమయ్యాయి. కుట్టుగది పిన్ని కూడా కుట్టవలసిన గుట్టని అలాగే కిందకి దింపుకొచ్చింది. "ముందు వాడికి చూపించండి, తరవాత కుడతాను. నాకూ నిజమైన చిరుగులు చూసి చాలా రోజులైంది."

సోమవారం పెద్దాయన వచ్చాడు, వెనకాల సూపర్‌వైజరు. ఆరబెట్టే యంత్రం తలుపు తెరిచారు. మొదటి దుప్పటి చిరిగింది, ముడి లేదు. బడుద్ధాయి పక్కకి తోసింది. రెండోది ముడి ఉంది, చిరగలేదు. మడతపెట్టింది. మడతక్క పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు. ఇంకొన్ని సరిగ్గా జరిగాయి. ఆ తరవాత మందు మరక ఉన్న దుప్పటి వచ్చింది. గోధుమరంగు మరక, అంచులు గరుకుగా. బడుద్ధాయి చిరుగంది.

"తప్పు!" అన్నాడు సూపర్‌వైజరు, లాటరీ తగిలినవాడిలా.

"తప్పే," అంది మడతక్క. "మరకల పాఠం ఇంకా మొదలెట్టలేదు. రేపు మొదలెడతా. తరవాతది తియ్యండమ్మా."

తరవాతది కొత్త దుప్పటి, తెల్లగా, ఏ మచ్చా లేకుండా. పెద్దాయన దగ్గర్నుంచి చూద్దామని ముందుకి వంగాడు. బడుద్ధాయి తటపటాయించి, యాభై ఐదు శాతం నమ్మకంతో చిరుగు అని వేసింది.

"సార్, ఇక చూడ్డానికేముంది..." అని సూపర్‌వైజరు మొదలెట్టాడు.

"మీరు కాస్త పక్కకి జరగండి సార్," అంది మడతక్క పెద్దాయనతో. "మీ నీడ దుప్పటి మీద పడుతోంది. వాడికి నీడల చదువు కూడా ఇంకా కాలేదు."

ఆసుపత్రి మొత్తాన్ని జరిపే అధికారం ఉన్న మనిషి ఒకసారి తన నీడని చూసుకుని, రెండడుగులు పక్కకి జరిగాడు. తెర మీద అంకె మారింది. ఇనప చెయ్యి దిగి దుప్పటి అంచు అందుకుని, మధ్యకి ఒక మడత, అడ్డంగా ఇంకో మడత పెట్టి దొంతరలో చేర్చింది.

"మరి ఆ కుర్చీ సంగతి ఏమంటారు సార్?" అన్నాడు సూపర్‌వైజరు, ఆశ చావక.

పెద్దాయన మడతక్క వైపు చూశాడు. "లేవమంటే లేస్తుందంటారా?"

"లేవను," అంది మడతక్క తెర మీంచి చూపు తిప్పకుండానే. "తలుపు దగ్గర ఎవరో నుంచున్నారు, వెలుతురుకి అడ్డమొస్తున్నారు. తరవాతది తియ్యండి."

తలుపు దగ్గర నుంచున్నది సూపర్‌వైజరు. ఆయన కూడా జరిగాడు.